నల్ల పొట్టేలుకు నల్లరంగు

పోయిన నెల కొత్తగా ఉద్యోగంలో చేరిన పశువైద్యులు కొందరు రాజంపేటలో మా ఇంటికి వచ్చారు. టీ తాగుతుండగా వాళ్లలో ఒకమ్మాయి ఫోనులో ఏదో వెతికి, నా ముఖాన్నీ ఫోనునూ మార్చి మార్చి చూసి, "మేడమ్, ఆ రంగు పొట్టేలు డాక్టరమ్మ మీరేనా?" అని అడిగింది.

నేనేనని ఒప్పుకున్నాను. ఏం చేస్తాను? ఉద్యోగమంతా అడ్డం తిరిగిన దూడల్ని లాగాను, గాలికుంటు వచ్చిన ఊళ్లన్నీ తిరిగాను, చిటుకు రోగానికి ఎన్ని మందలకు సూదులు వేశానో నాకే తెలీదు. అవేవీ ఎవరికీ గుర్తులేవు. చివరి పోస్టింగులో ఒక పొట్టేలుకు మావాళ్లు రంగు వేసిన సంగతి మాత్రం మీ తరం దాకా వచ్చింది. ఆ వీడియోలో ఉన్నది సగమే. ఒకామె గొర్రె బొచ్చు కత్తిరిస్తూ జనాన్ని తిట్టడం, పక్కన నేను నోరు తెరుచుకుని నిలబడటం, అంతే. ముందు జరిగింది, తర్వాత జరిగింది అందులో లేవు. అవి చెబుతాను.

నా చివరి పోస్టింగు కర్నూలు పడమటి వైపు, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఒక పశువుల ఆసుపత్రి. మా నాయన మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనిచేసినవాడు. నేను పుట్టి పెరిగింది, ఎక్కువకాలం పనిచేసింది కడప జిల్లాలోనే. అందుకే అక్కడికి వెళ్లిన కొత్తలో భాష కొంచెం తడబడింది. డబ్బుల్ని 'దుడ్లు' అంటారు. మనసు బాగాలేకపోతే 'బేజారు' అంటారు. నేను మాట్లాడితే "మేడమ్, మీది యాడ?" అని నవ్వుతూ అడిగేవాళ్లు.

మా వైపు గొర్రె అంటే ఎర్రది, లేదా తెల్లది. పొడుగు కాళ్లు, నున్నటి ఒళ్లు, నెల్లూరు జాతి. ఆ పల్లెల్లో మొదటిసారి నల్ల ఉన్ని గొర్రెల మందను దగ్గర నుంచి చూశాను. పొట్టిగా, ఒత్తుగా, ముఖం కిందికి దించుకుని, మబ్బు నేలమీద నడిచినట్టు నడుస్తాయి. పుస్తకాల్లో దక్కనీ జాతి అని చదువుకున్నాం కదా, అదే. కంబళ్లు నేసేది ఈ ఉన్నితోనే. వానకూ ఎండకూ కరువుకూ తట్టుకుని, గొడ్డు కూడా మొగం తిప్పుకునే మోడుల్లో మేసి బతుకుతాయి. అయితే అప్పటికే స్వచ్ఛమైన మందలు ఎక్కడో ఒకటి ఉండేవి. అందరూ ఎర్ర పొట్టేళ్లను తెచ్చి కలిపేసుకున్నారు. పిల్ల త్వరగా ఎదుగుతుంది, సంతలో ఎగబడి కొంటారు. తప్పు పట్టడానికేం లేదు.

ఒకరోజు గొర్రెలు కాసే ఒక కురువాయన ఈత కష్టమైన గొర్రెను భుజాన వేసుకుని ఆసుపత్రికి వచ్చాడు. వెనకాలే ఆయన భార్య. పిల్ల కాలు మడతపడి ఉంది, సరిచేసి లాగితే బతికింది. పిల్లను తుడుస్తూ ఆయన మందు గురించి అడగలేదు.

"డాక్టరమ్మా, మా జాతి పొట్టేలు యాడన్నా దొరుకుతాదా?" అన్నాడు.

ఎందుకని అడిగాను. ఆయన మందలో ఉన్న పొట్టేలు మంచిదే. కానీ సగం ఆడగొర్రెలకు తండ్రి అదే. ఇంకో నెత్తురు కలవకపోతే మంద చిక్కిపోతుంది. చుట్టుపక్కల ఎంత వెతికినా ఎర్ర కలపని నల్ల పొట్టేలు దొరకలేదట.

ఆయన మాట పూర్తికాకముందే భార్య అందుకుంది. "పొట్టేలు కాదు డాక్టరమ్మా, మందనే అమ్మేయమని చెప్పు. నీ మాటైతే ఇంటాడు. నా మాట ఇనక శానా కాలమాయె."

ఆమెది వట్టి నోటి దురుసు అనుకున్నాను మొదట. తర్వాత వాళ్ల గొర్రెల దొడ్డి చూడబోయినప్పుడు తెలిసింది ఆమె చెప్పేదాంట్లో న్యాయం. కత్తిరించిన ఉన్ని గోనెల్లో మూలన పడి ఉంది. కొనేవాడు లేడు. కంబళ్లు నేసే ఇండ్లలో మగ్గాలు ఆగిపోయాయి. ఒకప్పుడు ఆమె కదురు తిప్పి నూలు వడికితే ఊరూరి నుంచీ వచ్చి తీసుకుపోయేవాళ్లట. ఇప్పుడు అలవాటు కొద్దీ వడుకుతుంది, దాచిపెడుతుంది. పక్కింటివాళ్లు ఎర్ర గొర్రెలు పెంచి రేకుల ఇల్లు తీసేసి మిద్దె వేసుకున్నారు. ఈమె మాత్రం వానొస్తే గిన్నెలు పెట్టుకుంటూ ఉంది.

"ఇంట్లోకి నీళ్లు కారినా ఈయప్పకు పట్టదు. పెద్దాయన తడిస్తే మాత్రం తన కంబళి తీసి కప్పుతాడు," అంది.

పెద్దాయన అంటే మనిషి కాదు, ఆ పొట్టేలు. ఆయన దాన్ని అలాగే పిలుస్తాడు. ఆయన పిలిస్తే అది మందలోంచి తలెత్తి చూస్తుంది. ఆమె పిలిస్తే పరిగెత్తుకొస్తుంది. ఈ సంగతి ఆమెతో అంటే ఒప్పుకోదు. "మేతకొస్తాది, నాకోసమా ఏమన్నా?" అంటుంది.

ఆ ఇద్దరి మధ్య తగువు తీర్చడానికన్నట్టు నేను ఒక మాటన్నాను. ఉగాదికి ముందు మా తాలూకాలో వ్యవసాయ ప్రదర్శన జరుగుతుంది. ఎడ్లు, బర్రెలు, గొర్రెలు, విత్తనాలు, ట్రాక్టర్లు అన్నీ వస్తాయి. సరిహద్దు అవతల నుంచి కూడా రైతులు వస్తారు. పెద్దాయన్ని అక్కడ చూపిద్దాం. ఈ జాతిని ఇంకా పెంచుతున్న వాళ్లు ఎవరైనా ఉంటే కంటపడతారు. పొట్టేలు దొరుకుతుంది. ఉన్నికి గిరాకీ కూడా రావచ్చు.

భార్య నన్ను ఎగాదిగా చూసింది. "సరే డాక్టరమ్మా. అంతవరకు చూస్తా. ఆడ కూడా ఎవురూ రాకపోతే ఉగాది దాటినాక వచ్చే సంతకే అన్నీ. ఏమప్పా, ఇన్నావా?"

ఆయన పెద్దాయన చెవి నిమురుతూ, "ఇన్నాలే," అన్నాడు.

అలా మంద బతుకు నా నోటిమాట మీద పడింది.

ప్రదర్శన పనులు చూసే మా పై అధికారి మంచివాడే, కానీ తొందర మనిషి. "ఉన్ని గొర్రెలకు పోటీ విభాగం లేదమ్మా. 'ఇతర జాతులు'లో కలిపేద్దాం," అన్నాడు. సరేనన్నాను. పక్కన చిన్న గుడారం వేసుకుని కంబళి, కదురు, ఉన్ని, బొచ్చు కత్తిరించే కత్తెర పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. వచ్చినవాళ్లకు ఆ దంపతులే పని చేసి చూపించేట్టు అనుకున్నాం.

ఇక మా అటెండరు గురించి చెప్పాలి. నాతో పాటే రిటైరయ్యే వయసు. ఆసుపత్రిలో సూది మరిగించడం దగ్గర్నుంచి, పొడవబోయే ఎద్దుకు ముక్కుతాడు వేయడం దాకా అన్నీ ఆయనే. నల్లటి మీసం ఒకటి ఉండేది. దాని మీద ఆయనకున్న శ్రద్ధ ఆసుపత్రి మీద కూడా లేదేమో అనిపించేది. ఉత్సాహం జాస్తి. పని చెబితే చెప్పినదానికన్నా రెండింతలు చేసుకొస్తాడు. మనకు కావలసింది ఆ రెండింతలు కాకపోవడమే చిక్కు.

గుడారానికి ఫ్లెక్సీ వేయించమని ఆయనకే చెప్పాను. 'అంతరించిపోతున్న దక్కనీ గొర్రెలను కాపాడుకుందాం' అని రాసిచ్చాను. ఫ్లెక్సీ వచ్చింది. మనిషంత పెద్ద అక్షరాలు. 'అంతరించిపోతున్న దక్కని గొర్రెలను కాపాడుకుందాం.' ఒక్క దీర్ఘం పోయింది. పై అధికారి చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "దక్కని గొర్రెల్ని ఎట్లా కాపాడతావమ్మా? ముందు దక్కించుకో!"

అటెండరు మొహం చిన్నబుచ్చుకున్నాడు. పెయింటు డబ్బా తెచ్చి దీర్ఘం తనే పెట్టాడు. ఆ పెయింటు ఎండలో కారి, దీర్ఘం కాస్తా గొర్రె తోకలా కిందికి వేలాడింది. "ఉండనియ్యప్పా, బాగుంది," అన్నాను. కానీ ఆయన మనసులో ఆ తప్పు ఉండిపోయింది. దాన్ని ఎలాగైనా పూడ్చుకోవాలనుకున్నాడని నాకు తర్వాత అర్థమైంది.

ప్రదర్శనకు ముందురోజు ఆ దంపతులు పెద్దాయన్ని ఆసుపత్రి షెడ్డులో కట్టేసి, మిగతా మంద కోసం ఊరికి వెళ్లిపోయారు. తెల్లారి వస్తామన్నారు. వాళ్లు వెళ్లాక నేను అటెండరుకు ఈ జాతి గొప్పతనం గురించి ఒక పాఠమే చెప్పాను. రేపు వచ్చేవాళ్లకు ఆయన కూడా వివరించగలగాలి కదా. "నలుపు చూడాలి అప్పా, అదే దీని అందం," అన్నాను. ఆయన పొట్టేలు చుట్టూ తిరిగి, వీపు మీద బొచ్చు చేత్తో పట్టుకుని చూశాడు.

"ఈడ ఎర్రగా ఉండాదే మేడమ్, తుప్పు మాదిరి?"

"ఎండకు కొసలు అట్లా అవుతాయి. లోపలంతా నలుపే," అన్నాను. అని, రేపటి ఏర్పాట్ల కోసం వెళ్లిపోయాను.

నా పాఠంలో ఆయనకు గుర్తున్నది మొదటి సగమే.

మరుసటి ఉదయం మైదానం నిండా జనం. నెల్లూరు జాతి పొట్టేళ్లు మెడల్లో గంటలు, నొసట కుంకుమ, కొమ్ములకు రిబ్బన్లతో దిగాయి. ఒక్కొక్కటి దూడంత ఉంది. మావాళ్లు ఆటోలో వచ్చారు. కురువాయన తెల్ల పంచె కట్టి, కొత్త తలగుడ్డ చుట్టుకుని ఉన్నాడు. ఆమె నల్లంచు ఎర్రచీర. అటెండరు పెద్దాయన్ని తీసుకొచ్చి వాళ్లకు అప్పగించాడు.

పొట్టేలు నిగనిగలాడుతోంది.

"ఏమప్పా, పెద్దాయన ఇంత మెరుస్తాండాడు?" అన్నాడు కురువాయన అనుమానంగా.

"ఊరికే నూనె రాసినా లే," అన్నాడు అటెండరు.

ఆమె వంగి వాసన చూసింది. "నూనె వాసన కాదే ఇది. ఏందో మంగలంగడి వాసన."

నేను విన్నాను. కానీ అప్పుడే నాయకులెవరో వస్తున్నారని పిలుపు వచ్చి అటు పరిగెత్తాను. మీకూ ఇట్లాంటి పిలుపులు వస్తాయి. వెళ్లక తప్పదు. వెళ్లేముందు ఒక్కసారి పొట్టేలు వీపు మీద చెయ్యి వేసి వెళ్లమని మాత్రం చెబుతాను.

పోటీకి తీర్పరిగా వచ్చినాయన గొర్రెల పరిశోధనలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, మెడకు వేలాడే కళ్లజోడు. ఏ జీవాన్నీ కంటితో చూసి వదలడు. పళ్లు చూస్తాడు, వెన్ను నొక్కుతాడు, కాలి గిట్టలు ఎత్తి చూస్తాడు. ఎండ ఎక్కుతోంది. 'ఇతర జాతులు' వరుసలో మావాళ్లు చివర నిలబడ్డారు. ఆయన పెద్దాయన దగ్గరికి వచ్చి, ఎంతో ఇష్టంగా రెండు చేతులూ ఉన్నిలోకి దూర్చాడు.

"చాలాకాలమైంది ఇట్లాంటిది చూసి," అని నాతో అన్నాడు. నా ఒళ్లు పులకరించింది.

తర్వాత ఆయన చెమట పట్టిన నొసలు చేత్తో తుడుచుకున్నాడు. ఈ చివర నుంచి ఆ చివరకు నల్లటి పట్టీ పడింది. చొక్కా సర్దుకున్నాడు. అయిదు వేళ్లూ అచ్చు దిగాయి. ముందువరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. బొగ్గు తవ్వినట్టున్నాయి.

గొర్రె ఉన్నిలో జిడ్డు ఉంటుంది, మీకు తెలుసు. దాని మీద ఏ రంగూ గట్టిగా పట్టదు. ఎండా చెమటా తగిలేసరికి పెద్దాయన పక్కల వెంట నల్ల చారలు కారుతున్నాయి.

"రంగేసినారు!" అని అరిచాడు ఒక గొర్రెల వ్యాపారి. "ఎర్ర గొర్రెకు రంగేసి నల్ల జాతి అంటాండారు! సూడండప్పా, సూడండి!"

అంతే, ఫోన్లన్నీ పైకి లేచాయి. జనం కంచె మీదికి ఒరిగారు. ఒకడు ఈల వేశాడు. మా పై అధికారి నా పక్కకొచ్చి, "ఏందమ్మా ఇది?" అని పళ్లు కొరికాడు. నాకు నిజంగా తెలియదు.

తీర్పరి గట్టిగా మాట్లాడలేదు. "రంగు వేసిన జీవాన్ని పోటీలో ఉంచలేను. నియమం అది," అన్నాడు.

కురువాయన పొట్టేలు మెడ చుట్టూ చెయ్యి వేసుకుని నిలబడిపోయాడు. ఆ కొత్త పంచె మీద కూడా నలుపు అంటుకుంటోంది. "నేను వేయలేదు సారూ," అన్నాడు. ఆ గోలలో అది నాకూ తీర్పరికీ తప్ప ఎవరికీ వినపడి ఉండదు. ఆయన జీవితంలో ఎవరిచేతా దొంగ అనిపించుకోని మనిషి. ఆ మాట తన మీద పడితే ఎలా దులుపుకోవాలో కూడా ఆయనకు తెలియదు.

అప్పుడు జనంలోంచి మా అటెండరు బయటికొచ్చాడు. మొహంలో నెత్తురు లేదు. చేతులు జోడించి, మైదానం మధ్యకు వచ్చి అరిచినట్టే చెప్పాడు. "సార్, వాళ్ల తప్పేం లేదు సార్! నేనే వేసినా! నా మీసానికి వేసుకుండే రంగే సార్ అది! బాగా కనపడాలని వేసినా!"

నిజం చెప్పినందుకు ఫలితం ఉండాలి కదా. జనం ఇంకా పెద్దగా నవ్వారు. "ఆఫీసోళ్లంతా కలిసి ఆడతాండారు దొంగాట!" అన్నాడు ఆ వ్యాపారి.

అది అన్న క్షణంలోనే మా గుడారం దగ్గర్నుంచి కురువాయన భార్య కంచె దాటి వచ్చింది. లోపలికి రావడానికి దారి ఉంది, ఆమె ఆ దారి వెతకలేదు. చీర కుచ్చెళ్లు ఎగదోపి, గుంజకు కట్టిన తాడు కిందనుంచి దూరి వచ్చేసింది. ముందు అటెండరు దగ్గరికి వెళ్లింది.

"మీసానికేసేది నా పొట్టేలుకేసినావా? దానికేమన్నా పెండ్లా ఈపొద్దు?"

ఆయన తల వంచుకున్నాడు. ఆమె జనం వైపు తిరిగింది.

"ఎవుడ్రా ఎర్ర గొర్రె అన్నోడు? ఈడికి రా! మా అత్త కాలం నుంచి మా దొడ్లో ఎర్ర కాలు పడలేదు. అమ్ముకుంటే నేను అమ్ముకుంటా, కోసుకుంటే నేను కోసుకుంటా. నా జీవాన్ని దొంగ జాతి అనేదానికి నువ్వెవురు?"

అని గుడారంలోకి వెళ్లి కంబళీ కత్తెరా తెచ్చింది. కంబళి మైదానం మధ్యలో పరిచింది.

"ఈడనా?" అన్నాడు మొగుడు. "ఇంతమందిలోనా?"

"ఈడనే. నువ్వు పట్టుకుంటావా, నేనే పండేసుకోవాల్నా?"

ఆయన పెద్దాయన్ని కంబళి మీద పక్కకు పడుకోబెట్టి, కాళ్లు తన మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. మామూలుగా ఆ ఇంట్లో బొచ్చు తీసేది ఆయనే. ఆమె వడికేది. ఆరోజు మాత్రం కత్తెర ఆమె వదల్లేదు. పొట్ట దగ్గర మొదలుపెట్టింది. మొదట్లో నోరూ కత్తెరా రెండూ ఆడాయి. కాసేపటికి నోరు ఆగింది. కత్తెర చప్పుడు ఒకటే మిగిలింది. ఆమె ఎటు తిప్పమంటుందో చెప్పకుండానే ఆయన అటు తిప్పుతున్నాడు. ఆమె చెయ్యి మెడ దగ్గరికి పోతే ఆయన చెయ్యి చెవిని పక్కకు మడిచి పట్టుకుంటోంది. ఈలలు వేసినవాళ్లు కూడా బాగా చూడాలని ముందుకు జరిగారు. ఆ మధ్యాహ్నం వాళ్లిద్దర్నీ చూస్తుంటే ఇంతకాలం పోట్లాడుకున్నది వీళ్లేనా అనిపించింది నాకు.

బొచ్చంతా విడిపోకుండా ఒక్క దుప్పటిలా వచ్చింది. ఆమె దాన్ని రెండు చేతుల్తో ఎత్తి తిరగేసి పరిచింది. పైన కొసలకు అంటిన రంగు బూడిదలా వికారంగా ఉంది. కింద, ఒంటికి అంటుకుని పెరిగిన వైపు, మొదలంటా నలుపు. దానికి ఏ రంగూ సరిపోదు. ఎండ పడి అది మెత్తగా మెరిసింది.

తీర్పరి ఆ తెల్లబట్టలతోనే నేల మీద గొంతుక్కూర్చున్నాడు. కళ్లజోడు పెట్టుకుని ఉన్ని పాయలు విడదీసి మొదళ్లు చూశాడు. పొట్టేలు చర్మం చూశాడు. లేచి మైకు అడిగి తీసుకున్నాడు.

"ఇది పుట్టు నలుపే," అన్నాడు. "కలపని జాతి. నేను చెబుతున్నాను. రంగు వేశారు కాబట్టి బహుమతి ఇవ్వలేను. కానీ ఈ మైదానంలో ఈరోజు నేను చూసిన మంచి జీవాల్లో ఇది ఒకటి." తర్వాత మైకు పక్కన పెట్టి ఆమెను అడిగాడు, "అమ్మా, కొంచెం ఉన్ని తీసుకోవచ్చా?"

"తీసుకో సారూ," అంది ఆమె, ఇంకా ఆయాసపడుతూ. "ముందు మొగం కడుక్కో, మొగమంతా మసి."

జనం మళ్లీ నవ్వారు. ఆ నవ్వు వేరే. వ్యాపారి ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు.

బహుమతులు ఎవరెవరికో వెళ్లాయి. నేను మాత్రం గుడారంలో తల పట్టుకుని కూర్చున్నాను. నిజం నిలబడింది, సరే. కానీ వచ్చింది బహుమతి కోసం కాదు కదా. ఇంకో నల్ల పొట్టేలు కోసం. మధ్యాహ్నం దాటింది. ఎవరూ రాలేదు. బొచ్చు పోయిన పెద్దాయన సగానికి సగం చిక్కిపోయి, వానలో తడిసిన కుక్కలా ఉన్నాడు. కురువాయన అది చూడలేక తన కంబళి తీసి కప్పాడు. భార్య మూటలు సర్దడం మొదలుపెట్టింది. సంత సంగతి ఎవరం ఎత్తలేదు.

అప్పుడొకాయన గుడారం ముందు నిలబడి లోపలికి తొంగిచూశాడు. నడివయసు మనిషి. కన్నడం కలిసిన తెలుగు. "అక్కా, మాది సిరుగుప్ప కడ. ఎర్ర టగరు కొనాలని వచ్చినా." టగరు అంటే పొట్టేలు. "నా కాడ ఇంకా కొన్ని కరి గొర్రెలుండాయి, ఇట్లాంటి నల్లవే. వాటికి టగరు సచ్చిపోయింది. దాని పిల్ల మగదొకటి ఎదుగుతా ఉండాది గానీ, తల్లులకు దాన్నే కట్టలేం కదా. వేరే దారిలేక ఎర్రది కలుపుదామనుకుంటి."

కురువాయన తల తిప్పి భార్య వైపు చూశాడు. మాట ఆమెదే కదా, ఉగాది దాకా అన్నది.

ఆమె మూట ముడి వదిలి లేచింది. ఆ సిరుగుప్ప ఆయన్ని నిలబెట్టి అడగడం మొదలుపెట్టింది. మీ ఆడగొర్రెలు పిల్లను దగ్గరికి రానిస్తాయా? ఎండాకాలం ఎంతదూరం తోలుతారు? ఆ మగపిల్ల మొదలు నలుపేనా, చెవుల మీద చుక్కలేమన్నా ఉన్నాయా? ఆయన ఓపిగ్గా ఒక్కొక్కదానికి జవాబు చెప్పాడు. చివరకు ఆమె అంది, "మా పెద్దాయన్ని నీ కాడికి పంపితే వానలో తడవనిస్తావా?"

"లేదక్కా."

"అయితే నీ పిల్ల పొట్టేలును మా కాడికి తోలు. ఈ యేడు ఇది ఆడ, అది ఈడ. వచ్చే యేడు ఎవురివి వాళ్లకు."

కురువాయన కండ్లు తుడుచుకోవడం నేను చూడనట్టు నటించాను.

వాళ్లను ఆటో ఎక్కించేటప్పుడు ఆమెను పక్కకు పిలిచి అడిగాను, అమ్మేయాలన్నది నువ్వే కదమ్మా, అంత కోపం ఎందుకొచ్చిందని.

"అమ్మాలనుకునేది మా ఇంటి ముచ్చట డాక్టరమ్మా," అంది. "నా గొర్రెను నేను తిడతా, నా మొగున్ని నేను తిడతా. ఊరోడు అంటే పడతానా?"

ఆ తర్వాత వారంలోనే నాకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. నా ఉద్యోగం మొత్తంలో నాకొచ్చిన మెమో అదొక్కటే, అది కూడా పొట్టేలుకు రంగు గురించి. జరిగింది జరిగినట్టు రాశాను. మా పై అధికారి చదివి, "దీన్ని పైకి పంపితే నన్ను పిచ్చివాడంటారు," అని అక్కడితో ముగించాడు. అటెండరు ఆ ఆదివారం బస్సెక్కి వాళ్ల ఊరికి వెళ్లాడు, క్షమాపణ చెప్పుకోవడానికి. ఆమె వాకిట్లో నిలబెట్టి తిట్టాల్సినంత తిట్టి, లోపలికి పిలిచి జొన్నరొట్టె, గోంగూర పప్పు పెట్టిందట. ఆయన నాతో చెబుతూ, "తిట్లే బాగుండాయి మేడమ్, రొట్టె తినేటప్పుడే ఏడుపొచ్చింది," అన్నాడు. ఆ తర్వాత మీసానికి రంగు వేయడం మానేశాడు. తెల్లమీసంలో ఆయన మొహం ఎంత బాగుందో చెబితే నమ్మలేదు.

మరుసటి ఏడాది ఏవో కారణాల వల్ల ప్రదర్శన జరగలేదు. ఆపై ఏడాది జరిగింది. అప్పటికి నేను రిటైరై రాజంపేటకు వచ్చేశాను. అయినా నన్ను అతిథిగా పిలిచారు. ఈసారి నల్ల ఉన్ని గొర్రెలకు ప్రత్యేకంగా ఒక వరుస పెట్టారు. సరిహద్దుకు ఈవైపు నుంచీ ఆవైపు నుంచీ వచ్చాయి. ఇన్ని మందలు ఎక్కడ దాక్కున్నాయి అనుకున్నాను. వాళ్లంతా ఆ వీడియో చూసి ఒకరినొకరు వెతుక్కున్నారట. తీర్పరి ఆయనే, ముదురు నీలం చొక్కా వేసుకుని వచ్చాడు.

కురువాయన, పొట్టేళ్లు మార్చుకున్న ఏడు తన మందలో పుట్టిన పొట్టేలును తెచ్చాడు. అందంగానే ఉంది. కానీ తీర్పరి అన్నింటినీ తడిమి, పళ్లు చూసి, ఉన్ని పాయలు తీసి, సిరుగుప్ప ఆయన తెచ్చిన పొట్టేలు దగ్గర ఆగిపోయాడు. పెద్దాయన అక్కడున్న ఏడు పుట్టినదది. అదే రొమ్ము, అదే తల వంపు. మొదటి బహుమతి దానికే ప్రకటించారు. మావాళ్లకు ఏమీ రాలేదు.

ఆమె నా పక్కనే నిలబడి ఉంది. గెలిచిన పొట్టేలునే తదేకంగా చూస్తోంది. నాకు కొంచెం భయం వేసింది.

"ఓడిపోయినామా డాక్టరమ్మా?"

"ఓడిపోయినారమ్మా."

"ఎవురి చేతిలో?"

"మీ పెద్దాయన కొడుకు చేతిలో."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. కురువాయన కూడా అటుపక్క నుంచి మమ్మల్ని చూసి నవ్వడం మొదలుపెట్టాడు. వేదిక మీద నిర్వాహకులు బంతిపూల దండ తెచ్చి సిరుగుప్ప ఆయన మెడలో వేస్తున్నారు. ఆమె కొంగు తీసేసి, మైదానమంతా వినపడేట్టు కేక వేసింది.

"ఓ అప్పా! గెలిచింది నువ్వా? ఆ దండ తీసి వాని మెడలో వెయ్యి!"

ఆయన బిక్కమొహం వేసి, దండ తీసి పొట్టేలు మెడలో వేశాడు. జనమంతా చప్పట్లు కొట్టారు. పొట్టేలు ఆ చప్పట్లేవీ పట్టించుకోకుండా మెడ వంచి, బంతిపూలను ఒక్కొక్కటే తినడం మొదలుపెట్టింది.